నీ లిస్టులో లక్ష్మణ్ ఏడిరా?

ఒరేయ్ శీనూ,

మన దేశపు అయిదుగురు గొప్ప బ్యాట్స్‌మెన్ వీళ్ళేనంటూ నువ్వు పంపిన లిస్టు చూశాను. సచిన్, గవాస్కర్, కోహ్లీ, ద్రవిడ్, రోహిత్. దాని కింద "ఇందులో మార్పులకి తావు లేదు" అని తీర్పు చెప్పినట్టు ఒక ముక్క కూడాను. ఫోన్లో మాట్లాడదామంటే నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. వాట్సాప్‌లో అయితే నేను టైపు చేసేలోపు వరసగా వాయిస్ మెసేజ్‌లు పడేస్తావు. అందుకే కుదురుగా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. దీనికి అడ్డం తగలడం నీ వల్ల కాదు కదా.

నా అభ్యంతరం ఒక్కటే. అందులో లక్ష్మణ్ ఏడిరా? హైదరాబాదీ కాబట్టి వెనకేసుకొస్తున్నాడులే అని అప్పుడే నవ్వుకుంటూ ఉంటావు. ఆ అభిమానం ఉంది, లేదనను. కానీ గొడవ అది కాదు. నువ్వు సెంచరీలు లెక్కపెట్టి లిస్టు కట్టావు. ఆ లెక్కన లక్ష్మణ్‌కి టెస్టుల్లో 17, సచిన్‌కి 51, ఇంక మాట్లాడేదేముంది? నేను చూసేది వేరు. ఏడో వికెట్ పడి, బౌలర్లు ఒక్కొక్కరే గ్లవ్స్ బిగించుకుంటూ లోపలికి వస్తుంటే, అప్పటికే క్రీజులో ఉన్నవాడు ఏం చేశాడు? పక్కన ఇంకో పెద్ద బ్యాట్స్‌మన్ ఉంటే చాలామంది ఆడతారు. ఇషాంత్ శర్మని పక్కన పెట్టుకుని ఆడినవాడి పేరు ముందు రాయాలంటాను.

ఇషాంత్ అనగానే నీకు మొహాలీ గుర్తొచ్చే ఉంటుంది. 2010 అక్టోబరు, ఆస్ట్రేలియా మీద. గెలవాల్సింది 216. పెద్ద కొండేం కాదు. కానీ ఎనిమిది వికెట్లు పడేసరికి స్కోరు 124. లక్ష్మణ్‌కి నడుం పట్టేసింది, పరుగెత్తలేడు, రన్నర్‌గా రైనా వచ్చాడు. నిజానికి ఆ నడుం వల్లే కిందకి దిగి ఏడో నంబర్లో ఆడుతున్నాడు. అక్కడి నుంచి ఇషాంత్‌తో కలిసి 81 పరుగులు. ఆ పార్ట్‌నర్‌షిప్‌లో నాకు నచ్చేది లక్ష్మణ్ కొట్టిన ఫోర్లు కాదు. ఇషాంత్‌ని దాచలేదు చూశావా, అది. ఓవర్ మొదట్లోనే సింగిల్ వస్తుంటే తీసుకునేవాడు. మిగతా బంతులు నువ్వు ఆడు, నీ వల్ల అవుతుంది అన్నట్టుండేది. వాడు కూడా ఆ పెద్ద పెద్ద కాళ్ళు ముందుకేసి ఆడాడు. 31 కొట్టాడు! ఎల్‌బీడబ్ల్యూ అని వేలెత్తినప్పుడు మనకి ఇంకా 11 కావాలి.

తర్వాత ఓఝా వచ్చాడు. నెమ్మదికి మారుపేరైన లక్ష్మణ్, పరుగు దగ్గర తడబడ్డాడని ఓఝా మీద బ్యాటెత్తి అరిచాడే, అది ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పదిహేనేళ్ళు నోరెత్తని మనిషి ఆ ఒక్క రోజు అరిచాడంటే ఆ మ్యాచ్ ఆయనకి ఎంత కావాలో చూడు. ఓఝా మీద ఎల్‌బీ అప్పీలు, బౌడెన్ ఇవ్వలేదు. అదే బంతికి స్టీవ్ స్మిత్ వికెట్లకి గురిపెట్టి విసిరితే తగల్లేదు, ఓవర్‌త్రోలో నాలుగు పరుగులు వచ్చి పడ్డాయి. చివరికి లెగ్ బైలతో, ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. లక్ష్మణ్ 73 నాటౌట్. స్కోరుకార్డులో అది సెంచరీ కూడా కాదు. నీ లెక్కలోకి రానే రాదు.

దాచడం అన్నాను కదా, దాచి ఆడినవాళ్ళు తక్కువవాళ్ళని అర్థం తీసేవు. 1990 లార్డ్స్ సంగతి చూడు. ఇంగ్లండ్ తరఫున గూచ్ 333 కొట్టాడు. మనకి ఫాలో ఆన్ (వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే ఇంకా 24 పరుగులు కావాలి, ఉన్నది ఒక్కటే వికెట్. అవతలి ఎండ్‌లో హిర్వాని. కపిల్ దేవ్ ఏం చేశాడు? హెమ్మింగ్స్ బౌలింగ్‌లో వరసగా నాలుగు సిక్సర్లు. లెక్క సరిపోయింది. తర్వాతి ఓవర్ మొదటి బంతికే హిర్వాని అవుట్. అంటే కపిల్ అంచనా అక్షరాలా నిజం! పక్కవాడు ఒక్క బంతి కూడా ఆగడని తెలిసి, వాడి దాకా పని రానివ్వకుండా ముగించేశాడు. అదొక విద్య. లక్ష్మణ్‌ది ఇంకో విద్య. రెండూ రానివాళ్ళు నీ లిస్టులో ఉన్నారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

అన్నట్టు ఆ లార్డ్స్ ఇన్నింగ్స్‌లోనే అజరుద్దీన్ 121 కొట్టాడు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని మణికట్టు తిప్పి మిడ్ వికెట్‌కి పంపడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు చేసినవాడు. 99 టెస్టుల దగ్గర ఆగిపోయాడు. ఎందుకు ఆగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని మీద మనం ఇదివరకే కావలసినంత కొట్టుకున్నాం, మళ్ళీ వద్దు. ఆటవరకే చెప్తున్నాను. ఆ మణికట్టు వారసత్వం లక్ష్మణ్‌కి దక్కింది. వాళ్ళకంటే ముందు జయసింహ ఉన్నాడు. 1968లో ఆస్ట్రేలియా టూరు మధ్యలో విమానం ఎక్కించి పంపిస్తే, దిగి సరిగ్గా ప్రాక్టీసు కూడా లేకుండా బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు. మ్యాచ్ 39 పరుగుల తేడాతో ఓడిపోయామనుకో. మన వాళ్ళ పెద్ద ఇన్నింగ్స్ చాలావాటికి ఈ తోక తగిలించే ఉంటుంది, చూశావా?

సచిన్ సంగతికి వస్తాను. కోప్పడకు. సచిన్‌ని ఒక్క మెట్టు కూడా దించడం లేదు. కానీ నన్ను పట్టి పీడించే ఇన్నింగ్స్ రెండూ ఆయనవే, రెండూ ఓడినవే. 1999 చెన్నై, పాకిస్తాన్ మీద. టార్గెట్ 271. నడుం నొప్పితో విలవిల్లాడుతూ 136 కొట్టాడు. అటువైపు మోంగియా చాలాసేపు నిలబడి 52 చేశాడు. సచిన్ అవుటైనప్పుడు కావాల్సింది 17, చేతిలో మూడు వికెట్లు. ఆ మూడూ కలిసి నాలుగు పరుగులు చేశాయి. మొత్తం 258. పన్నెండు పరుగుల తేడాతో ఓటమి. ఆ తర్వాత చెన్నై జనం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆ స్థితిలో మన రాజమండ్రిలో అయితే కనీసం రెండు టీవీలు పగిలేవి.

రెండోది ఉప్పల్. 2009 నవంబరు 5. అక్కడ మనిద్దరం ఉన్నాం కాబట్టి నీకు నేను చెప్పాల్సిందేం లేదు, అయినా చెప్తాను. ఆస్ట్రేలియా 350. సచిన్ 141 బంతుల్లో 175. అవుటైనప్పుడు 19 పరుగులు కావాలి, ఇంకా మూడు ఓవర్లు ఉన్నాయి అటూ ఇటూగా. మనం 347కి ఆలౌట్. మూడంటే మూడు పరుగులు! బయటకొచ్చాక ఆటో దొరక్క హబ్సిగూడ దాకా నడిచాం. దారి పొడుగునా నువ్వు జడేజా రనౌట్‌ని తిడుతూనే ఉన్నావు. అదే జడేజాకి 2025లో లార్డ్స్‌లో ఏం పని పడిందో చూశావు కదా, దానికీ వస్తాను.

ఈ రెండిట్లోనూ సచిన్ చివరిదాకా ఉండాల్సింది అనేవాళ్ళు ఉన్నారు. నేను ఆ గుంపులో లేను. 350 కొట్టాల్సిన మ్యాచ్‌లో ఒక్కడు సగం కొట్టి వచ్చాక కూడా మిగతాది వాడే కొట్టాలనడం అన్యాయం. నా బాధ ఆ తర్వాత వచ్చినవాళ్ళ గురించి. ఆ రోజుల్లో మన తోక, అదే చివర్లో దిగే బ్యాట్స్‌మెన్, అంటే నిజంగా తోకే. సచిన్ అవుటయితే టీవీ కట్టేసే అలవాటు జనానికే కాదు, మన డ్రెస్సింగ్ రూముకి కూడా ఉన్నట్టుండేది. ఆ అలవాటు మాన్పించినవాడు నా దృష్టిలో లక్ష్మణ్.

2001లో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ కొట్టిన కోల్‌కతా 281 గురించి నువ్వే ఒకప్పుడు నాకు గంట లెక్చరిచ్చావు కాబట్టి మొత్తం చెప్పను. అందరూ ద్రవిడ్‌తో 376 గురించి, నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడకుండా ఆడటం గురించి చెప్తారు. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మొదటి ఇన్నింగ్స్‌లో కొట్టిన 59. జట్టంతా కుప్పకూలుతుంటే చివర్లో వచ్చినవాళ్ళతో ఆడి, ఆఖరి వికెట్‌గా వెళ్ళాడు. ఫాలో ఆన్. ప్యాడ్లు విప్పొద్దు, ఈసారి మూడో నంబర్లో నువ్వే దిగుతున్నావు అని కోచ్ జాన్ రైట్ చెప్పాడు. అంటే ఆ 281కి టికెట్టు ఇప్పించింది ఆ 59. ఇలాంటి మనిషి 134 టెస్టులు ఆడి ఒక్క వరల్డ్ కప్ కూడా ఆడలేదు. 2003లో పక్కన పెట్టారు. రాయుడిని 2019లో పెట్టినట్టే. నాలుగో నంబరు ఎవరా అని రెండేళ్ళు వెతికి, తీరా సమయానికి మూడు రకాలుగా పనికొస్తాడు, 'త్రీ డైమెన్షన్స్' అంటూ విజయ్ శంకర్‌ని తీసుకెళ్ళారు. రాయుడు త్రీడీ కళ్ళజోడు కొనుక్కున్నానని ట్వీటు పెట్టాడు. ఆ వెటకారం గుంటూరోడికి తప్ప రాదురా!

మన వాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి విహారి. 2021 జనవరి 11, సిడ్నీ, ఆస్ట్రేలియా మీద. 161 బంతులకి 23 నాటౌట్. ఈ అంకె చూస్తే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. తొడ కండరం పట్టేసి ఒక్క పరుగు తీయలేడు. అవతల అశ్విన్, నడుం వంగదు. పొద్దున బూటు లేసులు కూడా కట్టుకోలేకపోయాడట. ఇద్దరు కుంటివాళ్ళు కలిసి కమిన్స్‌ని, స్టార్క్‌ని, హేజిల్‌వుడ్‌ని, లయన్‌ని నలభై ఓవర్లకి పైగా ఆపారు. మధ్యమధ్య అశ్విన్ తమిళంలో ఏదో చెబుతుంటే మన కాకినాడ కుర్రాడు తలాడించడం, ఆ స్టంప్ మైక్ మాటలు విన్నావా? ఆ డ్రా లేకపోతే తర్వాతి వారం గబ్బాలో పంత్ కొట్టినా సిరీస్ రాదు. పుజారా ఒళ్ళంతా దెబ్బలు తిని 211 బంతులు ఆడింది ఆ గబ్బా మ్యాచ్‌లోనే. పంత్ ఫోటో ప్రతి గోడ మీదా ఉంది. విహారి? 16 టెస్టులతో సరి. అయినా మనిషి మారలేదు. 2023 రంజీ క్వార్టర్‌ఫైనల్లో మధ్యప్రదేశ్ మీద మణికట్టు విరిగితే, ఆఖరున దిగి ఎడమచేతి వాటం స్టాన్సు తీసుకుని ఒంటి చేత్తో ఆడాడు. అవసరమా అని మా ఆవిడ అడిగింది. అవసరమే అన్నాను. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేకపోయాను.

నితీశ్ రెడ్డి మెల్‌బోర్న్ సెంచరీ మన వైజాగ్ వాళ్ళకి పండగ. 2024 డిసెంబరు, బాక్సింగ్ డే టెస్టు. ఎనిమిదో నంబర్లో వచ్చి వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగుల పార్ట్‌నర్‌షిప్. అంతా బాగానే ఉంది, 99 దగ్గర బుమ్రా డకౌట్. సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. ఆ మూడు బంతులు నితీశ్ అటువైపు నిలబడి చూడటం తప్ప చేసేదేం లేదు. స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న చేతులు జోడించి ఉన్నాడు. కొడుకు క్రికెట్ కోసం హిందూస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న మనిషి. సిరాజ్ మూడూ ఆపాడు! తర్వాత బోలండ్‌ని మిడ్ ఆన్ మీదుగా లేపి నితీశ్ వంద పూర్తి చేశాడు. ఒక వైజాగ్ కుర్రాడి సెంచరీని ఒక హైదరాబాద్ బౌలర్ కాపాడాడు. ఆ మ్యాచ్ 184 పరుగులతో ఓడాం, ఆఖరి రోజు చేతులెత్తేశాం. అది వేరే ఏడుపు.

తిలక్ వర్మ గురించి నువ్వే చెప్పు, నీకే ఎక్కువ ఇష్టం. ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 20కి మూడు వికెట్లు పడ్డాక ఆడిన 69 అందరికీ తెలుసు. నాకైతే అంతకుముందు, 2025 జనవరిలో చెపాక్‌లో ఇంగ్లండ్ మీద ఆడిన 72 ఇంకా ఇష్టం. ఎనిమిది వికెట్లు పడ్డాయి, పక్కన బిష్ణోయ్. వాడికి స్ట్రైక్ ఇచ్చాడు, వాడు ఫోర్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆ ధైర్యం చేశాడంటే లక్ష్మణ్ వీడియోలు చూసి పెరిగాడేమో అనిపించింది.

ఇప్పుడు జడేజా. 2025 జూలై, లార్డ్స్, ఇంగ్లండ్ మీద, టార్గెట్ 193. 112కి ఎనిమిది. మొదట బుమ్రా 54 బంతులు ఆడాడు, తర్వాత సిరాజ్ 30 ఆడాడు. జడేజా 181 బంతుల్లో 61 నాటౌట్. దాచి ఆడాడు, కపిల్ పద్ధతిలో, కాకపోతే వరస సిక్సర్లు లేకుండా. అక్కడే నాకూ జడేజాకీ చిన్న తగువు. బషీర్‌ని, వేలు విరిగిన స్పిన్నర్‌ని, ఒకటి రెండు సార్లు లేపి ఉండాల్సిందని ఆ రోజంతా గొణుక్కున్నాను. సిరాజ్ బంతిని బ్యాట్ మధ్యలోనే ఆడాడు, అది వెనక్కి దొర్లుకుంటూ వెళ్ళి వికెట్లకి తగిలింది, బెయిల్ పడింది. 22 పరుగులు. ఇలా ఓడటం కంటే ఇన్నింగ్స్ తేడాతో ఓడటమే సుఖం. మాంచెస్టర్‌లో ఆ బాకీ తీరిందనుకో. సున్నాకి రెండు వికెట్ల నుంచి మొదలుపెట్టి రాహుల్, గిల్ నిలబెడితే, జడేజా, సుందర్ ముగించారు. స్టోక్స్ షేక్‌హ్యాండ్‌కి వస్తే, సెంచరీల దగ్గర ఉన్నాం, కాస్త ఆగండి అన్నారు. గంటలకొద్దీ ఒళ్ళు హూనం చేసుకున్నాక ఆ పాటి అడగకూడదా? స్టోక్స్ మొహం మాడిపోవడం నాకు అదనపు ఆనందం.

నీ లిస్టులో వాళ్ళ సంగతి తర్వాత అన్నాను కదా. రోహిత్. పుల్ షాట్ ఆడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. వన్డేల్లో నువ్వేం రాసినా సంతకం పెడతాను. 2019లో వైజాగ్ టెస్టులో ఓపెనర్‌గా దిగి 176, 127 కొట్టడం కూడా గుర్తుంది. కానీ టెస్టుల్లో 67 మ్యాచ్‌లు, 12 సెంచరీలు. ఎనిమిదో వికెట్ పడ్డాక రోహిత్ నిలబెట్టిన మ్యాచ్ ఒక్కటి చెప్పు, ఓపెనర్ కదా అనకుండా. గవాస్కర్ కూడా ఓపెనరే.

కోహ్లీ విషయంలో నీతో గొడవ లేదు. 2022 మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ మీద 82, హారిస్ రవూఫ్‌ని వెనకడుగు మీద నుంచి నేరుగా కొట్టిన ఆ సిక్సర్ ఒక్కటి చాలు. అయితే చివరి బంతికి రెండు కావాల్సినప్పుడు క్రీజులో ఉన్నది అశ్విన్. లెగ్ సైడు పడ్డ బంతిని కదలకుండా వైడ్‌కి వదిలేశాడు. ఆ వదిలెయ్యడం కోహ్లీ సిక్సర్‌కి సమానమంటాను. నువ్వు ఒప్పుకోవు. టెస్టుల్లో మాత్రం ఆఖరి ఆస్ట్రేలియా టూర్లో పెర్త్ సెంచరీ తర్వాత అదే ఆఫ్ స్టంప్ బయట బంతి, అదే ఎడ్జ్, అదే స్లిప్. చూడలేకపోయాను. 2025 మేలో రిటైరయ్యాడన్నప్పుడు బాధతో పాటు, నిజం చెప్పాలంటే, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను.

నాకు భయం వేసేది ఇప్పటి జట్టుని చూసి. గిల్ ఇంగ్లండ్‌లో 754 పరుగులు చేశాడు, ఎడ్జ్‌బాస్టన్‌లో 269, 161. అద్భుతం. ఇంటికొచ్చేసరికి? 2024లో బెంగళూరులో 46 ఆలౌట్, న్యూజీలాండ్ చేతిలో 3-0. 2025 నవంబరులో కోల్‌కతాలో దక్షిణాఫ్రికా మీద 124 కొట్టలేక 93కి చాప చుట్టేశారు. గిల్ మెడ పట్టేసి లేడు, సరే, మిగతా వాళ్ళకేమైంది? గువాహటిలో 408 పరుగుల తేడా. అక్కడ మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ బంతులు ఆడింది ఎవరో తెలుసా? కుల్‌దీప్ యాదవ్. 134 బంతులు, 19 పరుగులు. బౌలర్‌కి ఉన్న ఓపిక పైన ఆరుగురికి లేదు! ఐపీఎల్‌ని తిట్టబోవడం లేదు, అదీ చూస్తాను, నువ్వూ చూస్తావు. కానీ పుజారా పోయాక మూడో నంబరు ధర్మసత్రం అయింది. గిల్, కరుణ్ నాయర్, సాయి సుదర్శన్, కోల్‌కతాలో ఏకంగా వాషింగ్టన్ సుందర్. వచ్చినవాడు పడక వేసుకునేలోపు ఖాళీ చేయిస్తున్నారు. ఎవరో ఒకరికి రెండేళ్ళు రాసిచ్చి వదిలెయ్యాలి.

మూడో నంబరంటే ఎలా ఉండాలో తెలియాలంటే మా అమ్మాయి జెమీమా ఇన్నింగ్స్ చూడమంటోంది. 2025 మహిళల వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 కొడితే, మూడో నంబర్లో దిగాలని కాసేపటి ముందే తెలిసి, వెళ్ళి 127 నాటౌట్‌గా తిరిగొచ్చింది. "నాన్నా, మీ ఉత్తరంలో అమ్మాయిల పేర్లు లేవేంటి" అని భుజం మీంచి చదివి మరీ అడిగింది. అందుకని ఈ పేరా. మిథాలీని మన ఇద్దరి కంటే ముందే ఎవరైనా లిస్టులో రాసి ఉండాల్సింది.

నా లిస్టు అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. టెస్టులకి మాత్రమే: గవాస్కర్, సచిన్, ద్రవిడ్, లక్ష్మణ్, కోహ్లీ. నీదాంట్లోంచి ఒక్కడినే తీశాను, అంతకంటే మర్యాద నావల్ల కాదు. ఆరో చోటు గురించి ఈ రాత్రి పది మంది పేర్లు కొట్టేశాను. విశ్వనాథా, కపిలా అన్న దగ్గర ఆగింది.

సంక్రాంతికి వస్తున్నారుగా? చెల్లెమ్మకి చెప్పు, ఈసారి మా ఇంట్లోనే దిగాలి. నువ్వు జవాబు కాయితం మీదే రాయి. వాయిస్ మెసేజ్ పెడితే విననే వినను. రోహిత్ మొహాలీలాంటి ఇన్నింగ్స్ ఒక్కటి వెతికి తెచ్చావంటే లక్ష్మణ్‌ని తియ్యనుగానీ, టిఫిను ఖర్చు నాది.

నీ
బుజ్జిగాడు